పాత సరుకు

నా పేరు సుంకన్న.
గుంతకల్లు పాత బస్టాండు వెనక
నూనె మండీలో పదకొండేళ్ళుగా గుమస్తాను.
సుద్దముక్క నాది, తుడిచే గుడ్డ నాది,
పలక మీది అంకె మాత్రం నాది కాదు.

రాత్రి తొమ్మిదిన్నరకు సావుకారి సెల్లు మోగింది.
ఢిల్లీలో ఏదో కాగితం మీద సంతకం పడిందంట,
పామాయిలు మీద సుంకం పెరిగిందంట.
మాట్లాడతానే ఆయన
కుడిచేతి వేళ్ళతో గాలిని తుడిచి చూపించినాడు.
నేను పలక తుడిచినాను.
పదహైదు వందల నలభై పోయి
పద్దెనిమిది వందల పది కూర్చునింది.

గోడౌన్‌లో టిన్నులు రెండు వందల అరవై.
మొన్న మంగళవారం లారీ నుంచి దించినవి,
నేనే లెక్కబెట్టినవి,
ఒక్కదాని మూతా ఎవురూ తాకలేదు.
రాత్రికి రాత్రి అవి వెనక్కి పోయి
సముద్రం మళ్ళా ఎట్లా దాటొచ్చినాయో
నాకు తెలీదు.

తెల్లారి అయిదుకు కుళ్ళాయమ్మ వచ్చింది.
స్టేషన్ ముందర ఉగ్గాని బండి ఆమెది.
కొంగు ముడి విప్పి, నోట్లు లెక్కబెట్టి,
పలక చూసి
మళ్ళా ముడేసుకునింది.

"ఏందప్పా సుంకన్నా ఇది?"
"సుంకం పెరిగిందమ్మా."
"నీ పేరే ఉన్నట్టుందే. మీ సుంకులమ్మ అడిగిందా ఏంది?"
నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు.
"సుంకులమ్మయితే ఒక కోడి తిని
ఏడాదంతా సల్లగుంటాది.
ఈయమ్మ ఎవురో
నా బాణలి కాడనే కూచునింది."

పేపర్లో ఉన్నది చదివి చెప్పినాను:
నూనెగింజలు పండించే మన రైతు కోసమంట.

ఆమె కాసేపు మాట్లాడలేదు.
వజ్రకరూరు కాడ ఆమె తమ్ముడు ఓబులేసు
పండించేది శనక్కాయలే.
పోయిన కార్తీకంలో ముప్పై మూటలు
మా సావుకారి మిల్లులోనే దించిపోయినాడు.
అప్పుడు ధర రాసిందీ నేనే.
ఎంత చిన్న అంకె అంటే
పలకలో సగం జాగా మిగిలిపోయింది.

"మావోనికి ఫోన్ జేసి చెప్పాల," అనింది,
"నీ కోసరమే పెంచినారంట రా అని.
వానింట్లో ఇప్పుడు విత్తనానికి గూడా కాయ లేదు.
వాడూ పాకెట్టు నూనే కొంటాండాడు."

టిన్ను ఎత్తలేదు.
అయిదు కిలోలు విడిగా పోయించుకుని,
గరాటు అంచున వేలాడే చుక్క
డబ్బాలో పడేదాకా నిలబడింది.

ఏడు గంటలకు ఆమె బండి కాడికే పోయినాను,
రోజూ నా కడుపు అక్కడే నిండేది.
ప్లేటు ముప్పై రూపాయలే, అంకె మారలేదు.
బొరుగులు అవే, పుట్నాలపొడి అదే,
నిమ్మకాయ పిండిన చెయ్యి అదే.
బజ్జీ మాత్రం చేతికి తేలిగ్గా తగిలింది.

పక్కన హమాలీ ఒకాయన కొరికి చూసి
"ఏమ్మా, మిరక్కాయ నిలువునా చీల్చినావు,
సగమే వచ్చింది నాకు" అన్నాడు.
"ఇంకో సగం ఓడలో వస్తాంది," అనింది కుళ్ళాయమ్మ,
"ముందు అది తిను."
అందరూ నవ్వినారు.
నా వేళ్ళకు ఇంకా సుద్ద ఉంది.
కడుక్కోకుండానే తిన్నాను,
ఎందుకో నీళ్ళు అడగబుద్ధి కాలేదు.

మూడు నెలలకు
మళ్ళా తొమ్మిదిన్నరకు సెల్లు మోగింది.
సుంకం తగ్గించినారంట.
నేను గుడ్డ తడిపి పలక కాడికి పోయినాను.
సావుకారి నా మణికట్టు పట్టుకున్నాడు,
కోపంగా కాదు,
పిల్లోడికి దారి చూపించినట్టు.
"ఆగు సుంకన్నా. గోడౌన్‌లో ఉండేది పాత సరుకు.
ఎక్కువకు కొన్నది. అది అయిపోనీ."

లాంతరు తీసుకుని లోపలికి పోయి లెక్కబెట్టినాను.

పదకొండు టిన్నులు.

అవి అయిపోయేదానికి
నలభై రోజులు పట్టింది.