నలభై మూడో చేవ్రాలు

నలభై రెండు చేవ్రాళ్లు వచ్చేశాయి.
ఒకటి మాత్రం లిస్బన్ నుంచి
"ఇది నేను రాశానా? ఎప్పుడు?" అన్న ప్రశ్నతో సహా.
మిగిలింది వెల్యో ఒక్కడే.
రాసినవి పదకొండు వరుసలు.
పోయి మూడేళ్లు.

మా ప్రోగ్రాం చేసే పని చిన్నది.
సముద్రం గడ్డకట్టిన నెలల్లో
ఒడ్డు నుంచి హీయుమా దీవికి మంచు మీద వేసే దారి
ఏ పూట ఎంత బరువు మోస్తుందో చెబుతుంది.
ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు.
ఇరవై ఏళ్లుగా అంతే.
ఇప్పుడు లైసెన్సు మార్చాలి.
మార్చాలంటే రాసిన ప్రతివాళ్లూ ఒప్పుకోవాలి,
అప్పట్లో వాళ్లిచ్చింది వాడుకే గాని
సొంతం కాదు కాబట్టి.
ఇల్లు అందరిదీ.
ఇటుక మాత్రం పెట్టినవాడిదే.

మనిషి పోయినా రాత పోదట.
ఇంకో డెబ్భై ఏళ్లు
వారసుల గుమ్మంలో కూర్చుని ఉంటుందట.
వకీలు చెప్పాడు, గడియారం చూసుకుంటూ.

వారసురాలు అక్క లేయిదా.
కార్ద్లాలో ఉన్ని వడుకుతుంది.
దారి తెరిచిన నాలుగో రోజు బయల్దేరాను.
ఆ దారిలో సీటు బెల్టు పెట్టుకోకూడదు,
మునిగితే బయటపడాలి కదా.
ఒళ్లంతా వదులుగా, పక్కసీట్లో కాగితం కవరు,
వెల్యో లెక్కను నమ్ముకుని
వెల్యో లెక్కను అడగడానికే పోయాను.

కాఫీ పెట్టింది. కాగితం రెండుసార్లు చదివింది.
"వాడు దీన్ని మీకు అమ్మాడా?"
లేదు.
"మరి ఇచ్చేశాడుగా.
ఇచ్చినదాన్ని నన్ను మళ్లీ ఇమ్మంటావేం?"
జవాబు నా సంచీలోనే ఉంది, మూడు పేజీలు.
ఆ వంటింట్లో అది నోటికి రాలేదు.

"ఏదీ, చూపించు."
తెర తిప్పాను. కళ్లజోడు మార్చుకుంది.
ఈమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను.
వేలు ఆరో వరుస మీద ఆగింది.
అక్కడ యంత్రం చదవని మాట ఒకటుంది,
మనుషుల కోసం రాసింది:
"బండల తర్వాత రెండో మలుపు. కింద నీళ్లు కదులుతాయి.
లెక్క ఎంతన్నా మూడో వంతు తగ్గించు. నాకు తెలుసు."

"నాకు తెలుసు" అని పైకి చదివింది.
చాలాసేపు ఉన్ని వాసన తప్ప ఏమీ లేదు.
"నాన్న గుర్రం అక్కడే పోయింది.
బండి దిగి వెల్యో ముందు నడుస్తున్నాడు. తొమ్మిదేళ్లు వాడికి.
చప్పుడుకి వెనక్కి తిరిగాడట.
అంతే, నాన్న ఉన్నాడు, చేతిలో పగ్గం ఉంది."
కప్పు కడిగి బోర్లించింది.
"ఐతే ఇందులో గుర్రానికీ వాటా ఉందే" అంది, నవ్వకుండా.

పెన్ను అడిగింది.
'ఈ రచన నా సొంతమని ధ్రువీకరిస్తూ' అన్న చోట
అడ్డంగా గీత కొట్టింది.
కింద రాసింది: నాది కాదు. వాడుకోండి.
దాని కింద చేవ్రాలు, నిదానంగా,
చివరి అక్షరం తోక కాగితం దాటిపోయేలా.

చెల్లదన్నాడు వకీలు.
నాది కాదన్న మనిషి ఇవ్వడానికి లేదు.

ఇక మిగిలింది ఒకటే తోవ.
ఆ పదకొండూ చెరిపేసి,
వాటిని ఎన్నడూ చూడనివాడితో కొత్తగా రాయించడం.
హక్కు రాతకే, రాత వెనక తెలిసినదానికి కాదు.
నేను పనికిరాను, నాకవి నోటికొచ్చు.
తార్తులో తానెల్ అనే కుర్రాడికి ఫోను చేశాను.
రెండో మలుపులో మూడో వంతు తగ్గాలి, అన్నాను.
"ఎందుకు?" అన్నాడు.
గుర్రం గొంతుదాకా వచ్చింది.
నా మాటల్లో వెల్యో మాట ఒక్కటి దొర్లినా
మళ్లీ మొదటికొస్తుంది.
"అంతే" అన్నాను.

తొమ్మిది వరుసల్లో రాశాడు, వెల్యో కన్నా పొందిగ్గా.
పరీక్షలన్నీ నెగ్గాయి. లైసెన్సు మారింది.
చెల్లని కాగితం నా బల్ల ఎదురుగా గోడమీద ఉంది.

మొన్న ఆ ఫైలు తెరిచాను.
పాతమాట ఉన్నచోట తానెల్ మాట:
"కారణం తెలియదు. తగ్గించమన్నారు."