బయట గాలి లేదు

లివా దాటినంక నలభై కిలోమీటర్లు,
ఇసుక గుట్టల నడుమ తెల్లటి డోము.
గచ్చు మేమే పోసినం,
పైపుల సందులకు జిగురు మేమే పూసినం,
ఆఖరి బోల్టు బిగించింది మోర్తాడు పోశెట్టి.
తలుపు పడ్డంక సూపర్వైజర్ చాక్కో చెప్పిండు:
ఈ పొద్దుసంది ఇది భూమి గాదు.

లోపల ఆరుగురు.
నూట ఇరవై దినాలు వాళ్లది వేరే గ్రహం.
బయట గాలి లేదని వాళ్ల లెక్క.
గాలి లేని కాడ మనుషులుండరు గనుక
మేము లేము.

లేనోళ్లకు సుత డ్యూటీ ఉంటది.
రాత్రి పన్నెండు గంటలు, జనరేటర్ కాడ నేను.
గుట్ట చాటుకే నడవాలె,
కిటికీల దిక్కు పోవద్దు,
బీడీ నిప్పు కనపడద్దు.
కనపడితే మూడు దినాల జీతం కోత.
మాకిది కొత్త గాదు.
షార్జాల మాల్ అద్దాలు తుడిచిన్నాడు సుత
అద్దమే కనపడాలె, మేం గాదు.

అప్పుడప్పుడు వాళ్లు బయటికొస్తరు,
తెల్ల సూట్లు, తలలకు గాజు కుండలు.
నీళ్లల్ల నడిచినట్టు నడుస్తరు.
రాయి దొరికితే పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతరు.
ఒక రాయి మీద ముందునాడే నేను
టిఫిన్ డబ్బా పెట్టుకొని తిన్న.
పచ్చిపులుసు మరకుంటది.
దానికేం పేరు పెట్టిన్రో.

డెబ్బై మూడో రాత్రి
గుట్ట మూలిగింది.
లారీ గాదు, విమానం గాదు.
ఈనలేని బర్రె అరుపు లెక్క
కాళ్ల కిందికెల్లి మొదలై
బొక్కలల్లకు ఎక్కింది.
గుల్ జమాన్ చాప మీదికెల్లి లేచి కలిమా చదివిండు.
నేను ఎల్లమ్మను పిలిచిన,
ఆమెకు ఇంత దూరం వీసా ఉన్నదో లేదో.
(ఇసుక జారితే గట్లనే మోగుతదని
తెల్లారి ఒంటెల ముసలాయన నవ్వుకుంట చెప్పిండు.
తెల్లారి అందరికీ అన్నీ తెలుస్తయి.)

జారిన ఇసుక గాలి మిషిన్ నోట్లె పడ్డది.
ఎర్ర బల్బు.
చాక్కోకు ఫోన్ కొడితే ఎత్తడు, శుక్రారం రాత్రి.
గుల్ జమాన్ పార పట్టిండు,
తోడినకొద్దీ ఇసుక.

గుట్ట చాటు ఇడిసి కిటికీ దిక్కు చూసిన.
లోపల సైరన్ మోగుతాంది,
వాళ్లు మాత్రం నిమ్మలంగ కాగితాలు తిప్పుతున్నరు.
పరీక్ష అనుకుంటున్నరు.
ఎన్నడూ చూడని ముప్పు వస్తే ఏం జెయ్యాలెనో
వాళ్ల పుస్తకంల ఒక పేజీ ఉంటదట.
కుర్చీల ఒకాయన ఆవలించిండు.
ఆ ఆవలింత నాకెరుకే.
రువైస్‌ల ట్యాంకు కడగ దిగిన బాల్‌నర్సు
గట్లనే ఆవలించిండు,
నిద్రొస్తాందిర అని నవ్విండు,
లేవలే.

ఉరికిన.
గుండ్రటి కిటికీ మీద పానాతో కొట్టిన.
ఒకామె తిరిగింది.
సూటు లేదు, గాజు కుండ లేదు,
గాలి లేని గ్రహం మీద
ఊపిరి తీస్తున్న మొఖం.
పులిని చూసిన కండ్లు సుత అంత పెద్దగుండవు.
వాళ్ల పేజీల రాసిన ముప్పును
నేనే.

ఏసీకి చెమట పట్టిన అద్దం మీద ఏం రాద్దు?
నాకొచ్చిన ఇంగ్లీషు సైట్ బోర్డులది.
డేంజర్ అని రాస్తే
నన్నే అనుకుంటది.
ఇగ ఏం తోచక
ఆమె ఎదురుంగ నిలబడి
రొమ్ము నిండ గాలి పీల్చిన,
ఇడిసిన.
మళ్ల పీల్చిన,
మళ్ల ఇడిసిన.
సంటిపిల్లకు నేర్పినట్టు.

తలుపు తెరిచిన్రు.
మోకాళ్ల మీద ఇసుకల పడ్డరు, దగ్గుకుంట.
ఆమె నా చెయ్యి పట్టి చూసింది, వెచ్చగున్నదా అని.

మూడు దినాలు కోత పడ్డది.
కారణం కాడ చాక్కో రాసిండు: కనపడ్డడు.
నాలుగోనాడు తలుపు మళ్ల పడ్డది.
బయట మళ్ల గాలి లేదు.
నేను మళ్ల లేను.
గుట్ట చాటునే నడుస్తున్న.

కని కొన్ని రాత్రులు
ఆ గుండ్రటి కిటికీ కాడికి ఆమె వస్తది.
ఎవ్వరు లేని చీకటి దిక్కు మొఖం పెట్టి
రొమ్ము నిండ పీలుస్తది,
ఇడుస్తది.