నడిమి అక్షరం

మా బడికి గోడలున్నాయి, గోడల నిండా సందులున్నాయి.
పచ్చి చెక్క ఎండి విడిపోతే
ఎడారి లోపలికొచ్చి కూర్చునేది
హాజరు పిలవకముందే, అన్ని బెంచీల మీదా.
హాల్వర్సన్ టీచరు పాఠం చీపురుతో మొదలయ్యేది.

జపాను ముఖాలున్న అమెరికా పిల్లలం.
పన్నెండో బ్యారక్ చివరి గది మా పత్రికాఫీసు.
ఒక టైపురైటరు, ఒక చేతిమర, సిరా తుడవడానికి పాత తువ్వాలు.
శుక్రవారం శుక్రవారం మూడొందల ప్రతులు.
అచ్చుకి ముందు ప్రతి పుటా దొరగారి బల్ల ఎక్కాలి.
'కంచె' అని రాస్తే కొట్టేసి
'సరిహద్దు' అని దిద్దేవాడు ఎర్ర పెన్సిలుతో.
'నిర్బంధం' అన్న మాట మేమే మానేశాం,
ఆయన పెన్సిలు అరిగిపోతుందని జాలిపడి.

టీచరు మొదటి రోజే చెప్పింది:
వాక్యం ఎలా ఉన్నా దిద్దుకోవచ్చు,
పేరు మాత్రం తప్పు రాయకండి.
ఇక్కడికి మెడలో నంబర్లతో వచ్చారు,
ఈ కాగితం మీదైనా పేర్లతో ఉండండి.

నేను టైపిస్టుని. పదహారేళ్ళు. ఫుమియె.
మైనపు స్టెన్సిల్ మీద 'ఓ' కొట్టాలంటే భయం నాకు.
గట్టిగా కొడితే చుట్టంతా తెగి నడుమ ముక్క రాలిపోతుంది,
సిరా నిండి నల్లటి మచ్చవుతుంది.
మెల్లగా కొడితే అసలు పడదు.

ఆ వారం ఇటలీ నుంచి టెలిగ్రాం.
తమోత్సు ఇవనాగ.
నిరుడు మా పత్రికకే బేస్‌బాల్ ఆటలు రాసేవాడు,
ఓడిన జట్టుకి రెండు వాక్యాలు ఎక్కువిచ్చేవాడు.
నాలుగు వరసలు కొట్టాను. వేళ్ళు వణికాయని చెప్పను.
మెస్సు గంట మోగింది, తొందరపడ్డాను, అంతే.

సోమవారం వాళ్ళమ్మ వచ్చింది.
మెస్సులో పళ్ళేలు కడిగే మనిషి, చేతులింకా తడి,
పత్రిక తడవకుండా చంకలో పెట్టుకొచ్చింది.
ఇంగ్లీషు రాదు.
కొడుకు పేరు మాత్రం బొమ్మలా తెలుసు:
ఏడక్షరాలు, సరిగ్గా నడుమ గుండ్రటిది.
గోటితో ఒక్కొక్కటే దాటుతూ నాలుగోదాని దగ్గర ఆగింది.
"ఇది లోపల ఖాళీగా ఉండాలి కదమ్మా.
వాడు రాస్తే అలాగే ఉండేది."

ఇంకేమీ అడగలేదు.
కొడుకు ఆ దేశపు యూనిఫాంలో పోతే
తను ఈ తీగల లోపల ఎందుకుందనీ అడగలేదు.
మచ్చ మీద గోరు పెట్టి నిలబడింది.

యంత్రం తప్పని చెప్పబోయాను.
టీచరు నా వైపు చూసింది.
వచ్చీరాని మా అమ్మ భాషలో
నాదే తప్పు అన్నాను.

కాగితం కోటా నెలాఖరు దాకా రాదు.
చరిత్ర పరీక్షకి దాచిన కట్ట ఉంది బీరువాలో.
టీచరు తాళం తీసింది.
ఒక చుక్క కోసం మూడొందల కాగితాలా అన్నాడట దొరగారు.
ఆవిడ ఏం జవాబిచ్చిందో తెలియదు.
తిరిగొచ్చేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి,
పుట మీద సంతకం ఉంది.

కొత్త స్టెన్సిల్. ఆ అక్షరం దగ్గర ఊపిరి బిగబట్టాను.
బల్బుకి ఎదురుగా ఎత్తి చూస్తే
సన్నటి వెలుగు చుట్టు. నడుమ ముక్క నిలిచింది.
మొదటి ప్రతి ఆరకముందే మెస్సుకి పరుగెత్తాను.
ఆమె ఏడూ లెక్కపెట్టుకుంది.
మళ్ళీ పళ్ళేల దగ్గరికి వెళ్ళింది.

బుధవారం పరీక్ష నోటితోనే జరిగింది.
రాజ్యాంగం పౌరులకిచ్చిన హక్కులేవి?
హిడెకో వంతు.
తడుముకోకుండా అన్నీ చెప్పింది.
ఎవరూ నవ్వలేదు.
మార్కులు వేయడానికి టీచరుకి చాలాసేపు పట్టింది.

తర్వాతి శుక్రవారానికి రెండు పేర్లొచ్చాయి.
ఇసామి నగాయ్. షిగేరు ఉయెదా.
కొట్టేముందు ఇంగ్లీషు అక్షరాలన్నీ వెతికాను.
ఒక్క 'ఓ' కూడా లేదు.
హమ్మయ్య అనుకున్నాను.

ఆ మాటని ఏ స్టెన్సిల్ మీదా
ఇంతవరకూ ఎక్కించలేదు.