సున్నా మీటర్లు

పటానికి పైన ఉండేది ఉత్తరమని
ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను.
ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు.
ఆటోవాణ్ణి అడగండి,
ఉన్నవి రెండే దిక్కులు:
బీచి వైపు, కొండ వైపు.
సముద్రం తూర్పనుకుంటాం గానీ
తీరం ఏటవాలుగా పడుకుంది.
నీళ్ళకి ఎదురుగా నిలబడితే
సూర్యుడు ఎడం భుజం దగ్గర లేస్తాడు.

పెదజాలారిపేట, ఎనిమిదో తరగతి, బి సెక్షన్.
గుడ్డ అతికించిన పాత పటం
మేకుకి వేలాడుతుంది.
ఒక సెంటీమీటరుకి అర కిలోమీటరు.
పోర్టు దగ్గర మడత చిరిగి
రెండు వార్డులూ ఒక రైలు గేటూ గల్లంతు.

కాంటూరు పాఠానికి బంగాళాదుంప తెస్తాను.
సగానికి కోసి, టిఫిను గిన్నెలో బోర్లించి
ఇది డాల్ఫిన్స్ నోస్ అంటాను.
"ముక్కేది మేడమ్?" అంటుంది వెనక బెంచీ.
వేలెడు నీళ్ళు పోసి
నీటి అంచున చుట్టూ బాల్‌పెన్ను గీత.
ఇంకో వేలెడు, ఇంకో గీత.
గీతలు ఒత్తుగా వస్తే కొండ నిటారు,
ఎడంగా జరిగితే నడిచి ఎక్కొచ్చు.
ఏ రెండూ ఒకదాన్నొకటి దాటవు,
ఒక చోటు రెండెత్తుల్లో ఉండదు కదా.
అన్నిటికన్నా కిందిది సున్నా:
సగటు సముద్ర మట్టం.

గరికిన నూకరత్నం లేచింది.
పొద్దున్నే అమ్మతో చేపల రేవుకి వెళ్ళొచ్చిన పిల్ల,
జడలో ఒక పొలుసు ఇంకా మెరుస్తోంది.
"సగటంటే పోటా మేడమ్, పాటా?"
రెండూ కాదమ్మా,
ఏళ్ళ తరబడి కొలిచి, కూడి, భాగించారు.
"అయితే ఆ సముద్రాన్ని ఎవులు సూసినారు?"

ఎవరూ చూడని నీళ్ళ మీద నిలబెట్టి
సింహాచలం కొండ ఇంతెత్తని
ఇన్నాళ్ళూ బోర్డు మీద రాశాను.

పటం దగ్గరికొచ్చి సూచిక చదివింది.
నల్ల చుక్కలు ఇళ్ళు. పసుపు ఇసుక. నీలం నీళ్ళు.
"ఇది మా నాన్నమ్మ ఇల్లు,"
పసుపు మీద వేలు పెట్టింది.
"ఇల్లు కదల్లేదు మేడమ్, గీతే ఇలాగొచ్చింది,"
గోటితో తీరరేఖని లోపలికి గీకింది.
గోటి మందమే.
స్కేలు ప్రకారం పాతిక మీటర్లు:
ఒక వంటిల్లు, నాలుగు కొబ్బరిచెట్లు,
పడవలు లాగే ఇసుక.

పటం చుట్టూ నల్లటి అంచుగీత.
వాళ్ళ నాయిన రాత్రి రెండింటికి
దాన్ని దాటి వెళ్తాడు.
అక్కడ చోటెలా తెలుస్తుందని అడిగాను.
జీపీఎస్ ఉందిట,
దానికి ఛార్జింగ్ ఉంటేనట.
లేనప్పుడు
సింహాచలం కొండ డాల్ఫిన్ ముక్కు వెనక దాక్కోవాలి,
కైలాసగిరి భుజం మీద
వెనకున్న బోడికొండ వచ్చి కూర్చోవాలి.
రెండూ ఒకేసారి జరిగినచోట వల.

కర్ర స్కేలు ఆనించి పెన్సిలుతో
రెండు గీతలు లాగింది.
పటం అయిపోయింది, ఆగలేదు,
గోడ సున్నం మీదికి దిగింది.
జానెడు కింద కలిశాయి.
జానెడంటే మా లెక్కలో పదకొండు కిలోమీటర్లు.
"ఇక్కడ ముప్పై బారల లోతు.
కోనాం పడతాది. ఎవులికీ సెప్పకండి."
నలభై మంది వింటున్నారు,
సగం మంది నాన్నలకి పడవలున్నాయి.

క్వార్టర్లీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న,
తీరరేఖ అనగానేమి.
నేలా నీరూ కలిసే హద్దు, అని పుస్తకం.
నూకరత్నం రాసింది:
తీరరేఖ అనగా పటం గీసిన రోజున
సముద్రం ఉన్న చోటు.

ఒకటిన్నర వేశాను.
ఆ అర మార్కు ఎందుకు కోశానో
పేపరు తిరగేసి మరగేసి చూశాను, తెలీలేదు.
పిల్ల కూడా అడగలేదు.

గోడ మీద గీతలు అలాగే ఉన్నాయి.
కలిసినచోట ఎవరో చేప బొమ్మ వేసి,
మళ్ళీ ఎవరో
ఉమ్మి తడితో చెరిపేశారు.