కుట్టుకూలి

ఏడు స్వారీ ప్యాంట్లు కుట్టినందుకు
కాలేషా దగ్గర డబ్బుల్లేవు.
"నేర్పుతా ఎక్కక్కా, చెల్లుకు చెల్లు" అన్నాడు.
నాకు యాభై రెండు.
మొండిబాకీ కంటే గుర్రం నయమనుకున్నాను.

నల్లపాడు దాటాక రేగడి చేను,
చుట్టూ వెదురు దడి.
గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగితే
నేనూ తుమ్ముతాను, గుర్రమూ తుమ్ముతుంది.
దాని పేరు తేజ. మిరపకాయ పేరే.
పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మధ్య నిలబడీ నిలబడీ
దేనికీ బెదరడం మానేసింది.
బెదిరేది నేనే.

బెదిరితే మోకాళ్ళు బిగుస్తాయి.
బిగిస్తే తడిసబ్బులా పైకి జారతాను,
మడమలు లేస్తాయి,
పరుగెత్తమన్నాననుకుంటుంది తేజ.
"పట్టుకోవద్దక్కా, వేలాడనీ"
అంటాడు కాలేషా, వందోసారి.
"కాలు నీది కాదనుకో.
దండెం మీది తడిచీర అనుకో."

ముప్పై నాలుగేళ్ళు తొక్కిన కాలిది.
బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింద కొట్లో
మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు, మడమ.
నిద్రలో కూడా దుప్పటి తొక్కేస్తున్నావని
మా ఆయన ఉన్నన్నాళ్ళూ విసుక్కునేవాడు.
ఊరుకోమంటే ఊరుకుంటుందా?

బట్టకి అబద్ధం రాదు.
చిరుగు వేయించుకోను తెచ్చిన ప్యాంటు చూసి
ఎవరు ఎక్కడ బిగిస్తారో చెప్పేదాన్ని,
నేను గుర్రమెక్కక ముందే.
డాక్టరుగారబ్బాయిది మోకాలి లోపలివైపు అరిగేది.
కాలేజీ పిల్ల కమలినిది పిక్క దగ్గర, లేతగా,
ఎవరో చెయ్యేసి నిమిరినట్టు.
నాది రెండు నెలలకే మోకాళ్ళ దగ్గర అద్దమైంది.
అతుకేసుకుంటూ నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒకరోజు బాబిన్‌కి దారం కట్టి,
జీనులో కూర్చుని, చెవి పక్కన పట్టుకుని,
చూసి చెప్పమన్నాను.
చెవి, భుజం, తుంటి, మడమ
ఒకే దారం మీద ఉండాలన్నది అతనే.
దారం తిన్నగా దిగింది.
మడమ జానెడు ముందుంది, కుర్చీలో కూర్చున్నట్టు.
ఔను మరి,
కుర్చీలోనే కదా ఇన్నేళ్ళూ.

రికాబులు తీసేశాడు.
తొక్కడానికేమీ దొరక్క
పాదాలు కాసేపు గాల్లో తడుముకున్నాయి.
తర్వాత, ఎప్పుడో సరిగ్గా తెలీదు,
మూడో చుట్టో నాలుగోదో,
తొడ తుంటి దగ్గర్నించి లోపలికి తిరిగి
పొడుగ్గా దిగింది.
పిక్కకి తేజ ఊపిరి తగిలింది.
డొక్క ఉబ్బడం, తగ్గడం.
అంత దగ్గరగా ఇంకో ప్రాణి ఊపిరి తగిలి
చాలా కాలమైంది.
"ఆ! అదీ!" అని కాలేషా అరిచేసరికి
మళ్ళీ బిగిసిపోయాను.

సోమవారం మిషను ముందు కూర్చుంటే
మడమే ముందు దిగింది.
చక్రం వెనక్కి తిరిగి, దారం పుటుక్కున తెగి,
అడుగున ఉండ కట్టింది.
హనుమాయమ్మగారి జాకెట్టు, రేపటికివ్వాలి.
చిక్కు విప్పుతూ కూర్చున్నాను,
ఎత్తుపీట మీద
కాళ్ళు రెండూ వేలాడేసుకుని.