మూడో పిలుపు

వానకాలమొస్తే నర్సంపేట కోర్టుల
బెంచి చుట్టూ నాలుగు బకీట్లు.
ఒకటి నిండంగనే యాకూబలి లేస్తడు,
జడ్జిసాబు కలం ఆపుతడు,
వకీలు నోట్లె మాట నోట్లెనే నానుతది.

కింద రికార్డు రూముల
ఉర్దూల రాసిన పాత సేత్వారును
చదివెటోళ్లు లేక
చెదలే చదువుతున్నయి.
సర్వే నంబరు తిన్నయి, హద్దులు తిన్నయి,
ఓదెమ్మ నాయిన పేరు సగం మిగిల్చినయి.
చెదల మీద స్టే ఎవరిస్తరు?

ఓదెమ్మకు డెబ్బై ఆరు.
ఇరవై గుంటల కేసు మేడ మీద,
మోకాళ్లు కింద.
పదిహేడు మెట్లు.
పట్టుకునే కడ్డీ ఊడి రెండేండ్లాయె.

బంట్రోతు పిలిచిండు. వసార రేకుల మీద
వాన ఆ పిలుపును మింగింది.
మళ్ల పిలిచిండు. ఫ్యాను గరగర.
మూడోసారికి ఆమె తొమ్మిదో మెట్టు మీద,
గోడకు చెయ్యి ఆనిచ్చి,
"వస్తున్న బాంచెన్, వస్తున్న."
పైన అప్పటికే రాసుకున్నరు:
వాది హాజరు లేదు. కొట్టివేయడమైనది.

కొత్త బిల్డింగు ఎందుకో రాసి పంపుమని
హన్మకొండ నుంచి కాయితమొచ్చింది.
గోడ నెర్రెలు, షాకు కొట్టే స్విచ్చులు,
ఆడోళ్లకు తలుపు లేని మరుగుదొడ్డి,
అన్నీ రాసిండు యాకూబలి.
"ఇతర కారణాలు" అన్న గడి కాడ
చానసేపు ఆగిండు.
రాసిండు: తొమ్మిదో మెట్టు.

ఇంజినీరుకు సమజయితదో లేదో.
బకీటు నిండింది, లేచిండు.