రంగు లెక్క

ఉరవకొండ సంత వెనక, తెల్లారుజామున
కుళ్ళాయప్ప తొడ ముక్కను బల్బు కిందికి తిప్పుతాడు.
"ఇది ఇంగా పాలు మరవల్యా" అంటాడు.
లేత గులాబీ. వేలు ఆనిస్తే నీరూరుతుంది.

పక్క కొక్కేనికి రెండేండ్ల పొట్టేలు:
వక్కాకు నమిలి ఉమ్మినంత ఎరుపు.

నేను చదివే పుస్తకంలో దీని పేరు మయోగ్లోబిన్.
గాలిని దాచుకునే ఇనుము.
నడిచేకొద్దీ, ఆయాసం పెరిగేకొద్దీ
కండ దాన్ని కూడబెట్టుకుంటుంది;
నీళ్ళు తగ్గుతాయి, పీచులు ఒకదాన్నొకటి
పట్టుకుని విడవమని మొండికేస్తాయి.

చెప్పాను. మామ కత్తి నూరుతూనే ఇన్నాడు.
"బీడు మీద శెనక్కట్టె కోసం తిరిగిన దూరం మేయ్ అది,
ఆరు విజిల్స్ పడితే గానీ దిగదు."

పిల్లది, రెండు విజిల్స్.
అది ఇంకా ఏ దారీ ఎరగదు.